తిరగని కారుకీ తిండి పెట్టాలి

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద సాధారణంగా మనం డి.ఏ. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు, “మనవాళ్లలో కొత్తగా కార్లు కొన్నవాళ్లు ఎక్కువయ్యారు, నాలుగు మాటలు చెప్పండి” అన్నారు. మన శాఖ జీపుల షెడ్డులో నా సర్వీసంతా గడిచింది కనుక నన్ను ఎంచుకుని ఉంటారు. నేను చెప్పబోయేది మెకానిక్కులకు కాదు. బానెట్ ఎత్తడం కూడా తెలియని కొత్త యజమానులకు, వారి కుటుంబ సభ్యులకు.

మనలో చాలామందికి ఉద్యోగంలో ఉన్నంతకాలం సైకిలు, ఆ తర్వాత స్కూటరు. కారంటే ఆఫీసరుగారి జీపే. అరవై దాటాక, గ్రాట్యుటీలో కొంత తీసో, అబ్బాయో అమ్మాయో డబ్బు పంపితేనో, మొదటి కారు కొన్నవాళ్లు ఈ హాల్లోనే ఎందరో ఉన్నారు. మోకాళ్లు సహకరించక స్కూటరు మానేసినవాళ్లకి కారు విలాసం కాదు, అవసరం.

మనకి పరిచయమైన కార్లు వేరు. అంబాసిడరు, పద్మిని, 1983 చివర్లో వచ్చిన మారుతి 800. వాటికి చోక్ లాగేవాళ్లం, కార్బురేటర్ విప్పి ఊదేవాళ్లం. అంబాసిడరు, మారుతి 800 రెండిటి తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పటి కారులో చోక్ లేదు, కార్బురేటర్ లేదు. పెట్రోలు ఎంత చిమ్మాలో కంప్యూటరే లెక్క వేస్తుంది. దాంతో మనవాళ్లు “అంతా కంప్యూటరేనండీ, మన చేతిలో ఏముంది?” అని బానెట్ ఎత్తడమే మానేశారు. కానీ యజమాని చూసుకోవలసినవి మాత్రం మారలేదు. గాలి, నూనె, నీరు, కరెంటు, బ్రేకు. అయిదే.

కిలోమీటర్లు కాదు, కాలం

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒక్కటే. మనలాంటివాళ్ల కార్లు తిరిగి పాడవవు, తిరగక పాడవుతాయి. గుడికి, ఆస్పత్రికి, బ్యాంకుకి, నెలకో పెళ్లికి. ఏడాదికి మూడు నాలుగు వేల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. చాలా కంపెనీల పుస్తకాల్లో “పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందయితే అది” అని ఉంటుంది. మనం మొదటి సగమే గుర్తుపెట్టుకుని, “ఇంకా నాలుగువేలేగా తిరిగింది, సర్వీసు ఎందుకు?” అంటాం. ఇంజనాయిలు, బ్రేకు ఆయిలు, బ్యాటరీ, టైరు రబ్బరు - వీటికి మీటరుతో పని లేదు. క్యాలెండరుతోనే పని.

మా కాలనీలో ఒక పెద్దమనిషి కారు వయసు తొమ్మిదేళ్లు, తిరిగింది ఇరవై ఒక్క వేలు. టైర్ల గాడులు కొత్తవాటిలాగే లోతుగా ఉన్నాయి. మే నెలలో మధ్యాహ్నం పూట భార్యనీ మనవరాలినీ తీసుకుని అన్నవరం వెళుతుంటే హైవే మీద ఎడమవైపు వెనక టైరు పేలింది. అరవై వేగంలో ఉన్నారు కనుక, పక్కన లారీ లేదు కనుక, క్షేమంగా బయటపడ్డారు. ఆయన ఆశ్చర్యమల్లా ఒకటే: “అరగని టైరు ఎలా పేలింది?” టైరు అరగలేదు. ముసలిదైంది.

టైరు జాతకం టైరు మీదే

టైరు పక్కగోడ మీద డి.ఓ.టి. అని మొదలయ్యే అక్షరాల వరసలో చివర నాలుగంకెలు ఉంటాయి. 1416 అని ఉంటే 2016వ సంవత్సరం 14వ వారంలో తయారయిందని అర్థం. ఇంటికి వెళ్లాక అయిదు టైర్లవీ చూడండి. ఒకవైపు కనబడకపోతే రెండోవైపు ఉంటుంది. అయిదేళ్లు దాటిన టైరును ఏటా తెలిసినవాడికి చూపించాలి. పదేళ్లు దాటినదాన్ని, గాడి ఎంత లోతుగా ఉన్నా, వాడకూడదు. మన ఎండలకి ఆరేడేళ్లకే మార్చడం మంచిదని నా అభిప్రాయం. పక్కగోడల మీద సన్నని పగుళ్లు, ఉబ్బు కనిపిస్తే వయసుతో పని లేకుండా మార్చాలి. ఇక అరుగుదల సంగతి. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానమైందంటే గాడి 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని లెక్క. వాననీటిలో అది రోడ్డును పట్టుకోలేదు.

గాలి విషయం. బంకులో కుర్రాడు “ఎంత కొట్టమంటారు సార్?” అంటే మనం “నీకు తెలియంది ఏముందయ్యా, కొట్టు” అంటాం. వాడు అందరికీ ఒకటే కొడతాడు. డ్రైవరు తలుపు తెరిస్తే ఆ పక్క స్తంభం మీద చిన్న కాగితం అతికించి ఉంటుంది. ముందు టైరుకి ఎంత, వెనక టైరుకి ఎంత, నిండా మనుషులుంటే ఎంత అని అందులో రాసి ఉంటుంది. ఆ అంకె కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకోండి. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. దూరం వెళ్లి వేడెక్కిన టైరు నాలుగు పౌన్లు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసెయ్యకూడదు.

ఎండాకాలం గాలి తగ్గించాలని ఒక నమ్మకం ఉంది. అది తప్పు. గాలి తగ్గితే పక్కగోడ ప్రతి చుట్టుకీ మడత పడుతుంది, మడత పడ్డప్పుడల్లా వేడి పుడుతుంది, ఆ వేడికే టైరు పేలుతుంది. నైట్రోజన్ కొట్టించాలా అని అడుగుతారు. మామూలు గాలిలోనే నూటికి 78 వంతులు నైట్రోజన్ ఉంది. కొట్టిస్తే నష్టం లేదు, కొట్టించకపోయినా నష్టం లేదు. పదిహేను రోజులకోసారి చూసుకోకపోతేనే నష్టం. డిక్కీలో ఉన్న స్టెప్నీని కూడా మరిచిపోకండి. అవసరం వచ్చిన రోజున అందులో గాలి ఉండదు.

సోమరి బ్యాటరీ

ఆగి ఉన్న కారు కూడా కరెంటు తింటూనే ఉంటుంది. గడియారం, దొంగల అలారం, తాళం సంకేతం వినే పరికరం, ఇవన్నీ రాత్రింబవళ్లు మేలుకుని ఉంటాయి. బ్యాటరీ కాస్త పాతదయితే మూడు నాలుగు వారాలకే సెల్ఫ్ కొట్టదు. మన ఎండల్లో బ్యాటరీ మూడు నుంచి అయిదేళ్లు వస్తుంది. సెల్ఫ్ మూలుగుతున్నా, హెడ్‌లైట్లు మసకబారుతున్నా అది నోటీసు అనుకోండి. టెర్మినల్స్ మీద తెల్లని బూజులాంటిది పేరుకుంటే తుడిపించాలి.

కొందరు రోజూ షెడ్డులోనే రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తారు. దానివల్ల మేలు లేదు. స్టార్టు చేయడానికి పోయిన కరెంటు రెండు నిమిషాల్లో తిరిగి రాదు. పైగా సైలెన్సరులో నీరు చేరి తుప్పు పడుతుంది. వారానికి ఒకసారి, అరగంటపాటు రోడ్డు మీద నడపండి. టైర్లు ఒకేచోట నొక్కుకుపోవు, బ్రేకులు పట్టెయ్యవు, ఏ.సి. కూడా ఒక పది నిమిషాలు తిరుగుతుంది. మనకి డాక్టరు నడవమన్నట్టే దానికీ నడక కావాలి.

ఒక హెచ్చరిక. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను ఆన్ చేసి ఉంచకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు. కరెంటు పోయిందని షెడ్డులో కారు ఏ.సి. వేసుకుని పడుకోవడం ప్రాణాంతకం.

నూనె, నీరు

చదునైన చోట బండి ఆపి, ఇంజను కట్టేసి పది నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ బయటికి లాగి, తుడిచి, మళ్లీ పెట్టి తియ్యండి. నూనె రెండు గుర్తుల మధ్య ఉండాలి. తక్కువయితే ప్రమాదం, ఎక్కువయినా మంచిది కాదు. నల్లబడితే కంగారుపడనక్కర లేదు, మురికిని పట్టుకోవడం దాని ఉద్యోగం. మజ్జిగలా తెల్లగా కనిపిస్తే మాత్రం నీరు కలిసిందని అర్థం. వెంటనే చూపించాలి.

రేడియేటరు పక్కన ప్లాస్టిక్ డబ్బాలో రంగు నీళ్లు కనిపిస్తాయి. దాన్ని కూలంట్ అంటారు. అది కూడా రెండు గీతల మధ్య ఉండాలి. ఇంజను వేడిగా ఉండగా మూత తియ్యకండి. లోపల ఒత్తిడితో మరుగుతున్న నీరు మొహం మీదికి చిమ్ముతుంది. తగ్గిందని బోరునీళ్లు పొయ్యకండి. మన స్టీలు కాఫీ కెటిల్లో పేరుకునే తెల్లని పొరే లోపల సన్నని గొట్టాల్లోనూ పేరుకుంటుంది.

డీజిలు కార్ల గురించి ఒక్క మాట. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బి.ఎస్. 6 ప్రమాణాల వల్ల, కొత్త డీజిలు కార్లలో మసిని పట్టే ఒక జల్లెడ పెట్టారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి హైవే మీద కొంతసేపు ఆగకుండా పోవాలి. రోజూ కూరగాయల మార్కెట్టుకి వెళ్లి వచ్చే కారులో ఆ జల్లెడ మూసుకుపోతుంది, బాగు చెయ్యడానికి ఖర్చు ఎక్కువ. తక్కువ తిరిగేవాళ్లు డీజిలు కారు కొనకపోవడమే మేలు. ఇక పెట్రోలు సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. కాబట్టి నెలల తరబడి అదే పెట్రోలు ట్యాంకులో నిలవ ఉంచకండి. పాత కారు ఉన్నవాళ్లు సర్వీసుకి ఇచ్చినప్పుడు పెట్రోలు పైపుల రబ్బరు కూడా చూడమనండి.

ఎర్ర దీపం, పసుపు దీపం

తాళం తిప్పగానే ఎదురుగా దీపావళి దీపాల్లాగా వెలిగి, కాసేపటికి ఆరిపోతాయి. ఆరకుండా మిగిలినది మనతో మాట్లాడుతోందని అర్థం. సూత్రం తేలిక. ఆకుపచ్చ, నీలం అంటే ఏదో పనిచేస్తోందని. పసుపు అంటే త్వరలో చూపించమని. ఎరుపు అంటే ఆపమని.

ఎరుపులో నాలుగు గుర్తుపెట్టుకోండి. నూనె కూజా బొమ్మ వెలిగితే పక్కకి తీసి వెంటనే ఇంజను కట్టెయ్యాలి. “ఇల్లు ఇంకో రెండు కిలోమీటర్లేగా” అనుకుంటే ఇంజను మొత్తం పోతుంది. థర్మామీటరు బొమ్మ ఎర్రగా వెలిగితే ఇంజను కాగిపోతోంది. బ్యాటరీ బొమ్మ వెలిగితే చార్జింగు లేదు. వలయంలో ఆశ్చర్యార్థకం వెలిగితే ముందు హ్యాండ్‌బ్రేకు దించారో లేదో చూడండి. దించినా వెలుగుతుంటే బ్రేకు ఆయిలు తగ్గి ఉండవచ్చు, బండి కదపకండి. పసుపురంగులో గుర్రపునాడా లాంటి గుర్తు వెలిగితే ఏదో టైరులో గాలి తగ్గింది. ఇంజను బొమ్మ పసుపురంగులో నిలకడగా వెలిగితే నెమ్మదిగా మెకానిక్కు దగ్గరికి పోవచ్చు. మిణుకుమిణుకుమంటే ఆపడమే మంచిది.

మరో చిన్న సంగతి. పెట్రోలు ముల్లు దగ్గర పంపు బొమ్మ పక్కన చిన్న బాణం ఉంటుంది. ట్యాంకు మూత ఏ పక్కన ఉందో అది చెబుతుంది. బంకులో దిగి చూడనక్కర లేదు.

బ్రేకు

బ్రేకు పెడలు తొక్కితే ఆ బలాన్ని చక్రాలకి మోసేది బ్రేకు ఆయిలు. దానికి ఒక చెడ్డ గుణం ఉంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు కలిసిన ఆయిలు తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, అప్పుడు పెడలు మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. అందుకే కారు తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి, లేదా మీ పుస్తకంలో రాసినట్టు, అది మార్పించాలి.

దీని అవసరం ఘాట్ రోడ్డులో తెలుస్తుంది. తిరుమల నుంచి దిగేది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా. పెద్ద మలుపులే 36. దిగేటప్పుడు ఆపకుండా బ్రేకు మీద కాలు వేసి ఉంచితే డిస్కులు కాగి, ఆయిలు కాగి, కింది మలుపులకి వచ్చేసరికి బ్రేకు చాలదు. రెండో గేరులో దిగండి. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపకండి.

2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏ.బి.ఎస్. తప్పనిసరి అయింది. అకస్మాత్తుగా ఏదైనా అడ్డం వస్తే పెడలు గట్టిగా తొక్కి పట్టుకోవాలి. కాలి కింద గడగడ కొట్టుకున్నట్టు ఉంటుంది. అది పాడయిందని కాదు, పనిచేస్తోందని. భయపడి కాలు తియ్యకండి. చక్రాలు పట్టెయ్యవు కనుక స్టీరింగు తిప్పి తప్పించుకోవచ్చు.

గేర్లు మార్చనక్కర లేదని మనవాళ్లు ఇప్పుడు ఆటోమేటిక్ కార్లు ఎక్కువగా కొంటున్నారు. మంచిదే. అందులో ఎడమకాలికి పని లేదు. బ్రేకుకీ యాక్సిలరేటరుకీ కుడికాలు ఒక్కటే వాడాలి. రెండు కాళ్లూ పెడితే కంగారులో ఏది తొక్కామో తెలియదు. గేటు ముందు కారు గోడకి గుద్దుకునే ప్రమాదాల్లో చాలావాటికి ఇదే కారణం. బ్రేకు తొక్కిన తర్వాతే గేరు మార్చండి. ఆపి దిగే ముందు హ్యాండ్‌బ్రేకు వెయ్యండి. ఇంకొకటి, డ్రైవరు కాళ్ల దగ్గర మంచినీళ్ల సీసా ఉంచకండి. అది దొర్లి బ్రేకు పెడలు కింద చేరితే తొక్కినా దిగదు. జారిపోయే చాపకూడా అంతే.

బెల్టు, బెలూను

ప్రమాదంలో బెలూను తెరుచుకోవడానికి రెప్పపాటు కూడా పట్టదు. అంత బలంగా వచ్చేదానికి ఎదురుగా, బెల్టు లేకుండా ముందుకు తూలిన మనిషి పోయి తగిలితే అదే గాయం చేస్తుంది. బెల్టు ఉంటేనే బెలూను రక్షణ. సీటును స్టీరింగుకి అతుక్కునేట్టు జరుపుకోకండి. ఛాతీకీ స్టీరింగుకీ మధ్య జానెడు కన్నా కాస్త ఎక్కువ, అంటే పాతిక సెంటీమీటర్లు ఉండాలి. బెల్టు కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద రావాలి. సీటు పైన ఉన్న తలదిండు అలంకారం కాదు. వెనక నుంచి ఎవరైనా గుద్దితే మెడ విరగకుండా కాపాడేది అదే. దాని పైఅంచు మన తల పైభాగం దాకా వచ్చేట్టు ఎత్తి పెట్టుకోండి.

“వెనక సీట్లోవాళ్లకి ఎందుకండీ బెల్టు?” అంటారు. 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలోని పాల్‌ఘర్ దగ్గర ప్రమాదంలో చనిపోయారు. ఖరీదైన కారు, వెనక సీటు. ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. చీర నలుగుతుందని మానేసే సోదరీమణులకు నా మనవి: చీర ఇస్త్రీ చేయించుకోవచ్చు.

మనవలు, కారు

పసివాణ్ణి ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం మన అలవాటు. అది మానుకోవాలి. బెలూను దెబ్బ ముందు పిల్లవాడికే తగులుతుంది. పిల్లలు వెనక సీట్లో, వయసుకి తగిన పిల్లల సీటులోనే ఉండాలి. వెనక తలుపు అంచున చిన్న మీట ఉంటుంది, అది చైల్డ్‌లాక్. వేస్తే లోపలి నుంచి తలుపు తెరుచుకోదు. నడుస్తున్న కారులో పిల్లలు తలుపు తియ్యకుండా అది కాపాడుతుంది. ఆగిన కారులో మాత్రం అదే వాళ్లని బంధిస్తుంది.

2025 మే నెలలో విజయనగరం జిల్లాలో ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు బయటికి రాలేక ఊపిరాడక చనిపోయారు. ఎండలో మూసిన కారు లోపల వేడి నిమిషాల్లో భరించలేనంతగా పెరుగుతుంది. కాబట్టి ఇంటి ఆవరణలో ఉన్నా సరే, కారుకి ఎప్పుడూ తాళం వేసి ఉంచండి. తాళంచెవి పిల్లలకి అందనీయకండి. “అయిదు నిమిషాల్లో వస్తా” అని పసివాణ్ణి కారులో వదలకండి. పిల్లలు కనబడకపోతే ముందు కారులో, డిక్కీలో చూడండి. నేను ఇవాళ చెప్పిన మాటల్లో ఈ ఒక్కటే గుర్తున్నా చాలు.

వాన, వరద

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వీధులకు వీధులే మునిగినప్పుడు వేలకొద్దీ బండ్లు నీళ్లలో ఉండిపోయాయి. నీరు తగ్గాక ఆత్రంగా సెల్ఫ్ కొట్టడం అన్నిటికన్నా చెడ్డ పని. గాలి నొక్కుకుపోతుంది కానీ నీరు నొక్కుకుపోదు. సిలిండరులోకి నీరు చేరాక ఇంజను తిప్పితే లోపలి కడ్డీలు వంగిపోతాయి. మునిగిన కారును స్టార్టు చెయ్యకుండా, ఫొటోలు తీసి, ఇన్సూరెన్సు కంపెనీకి తెలిపి, లాగించుకుని పోవాలి. మామూలు పాలసీలో ఇలా పోయిన ఇంజనుకు పరిహారం రాకపోవచ్చు. ఇంజను రక్షణ అని విడిగా కొంత కట్టి తీసుకోవాలి. పల్లపు ప్రాంతంలో ఉన్నవాళ్లు ఈ సంగతి తప్పక అడగండి.

రోడ్డు మీద నీరు సగం చక్రం దాటితే అందులోకి దిగకండి. వానలో అద్దం లోపల ఆవిరి పడితే గుడ్డతో తుడుస్తూ నడపకండి. అద్దం బొమ్మ ఉన్న మీట నొక్కి ఏ.సి. వెయ్యండి, నిమిషంలో పోతుంది. నాలుగు దీపాలూ మిణుకుమనేలా వేసుకుని వానలో నడపడం మనవాళ్లకి అలవాటైంది. అవి ఆగిన బండికి. నడుస్తూ వేస్తే మనం ఏ పక్కకి తిరుగుతున్నామో వెనకవాడికి తెలియదు.

పిల్లల దగ్గరికి విదేశం వెళ్లేటప్పుడు

ఆరేసి నెలలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉండి వచ్చేవాళ్లు మనలో ఎక్కువయ్యారు. వెళ్లే ముందు కారు కడిగించి, నీడలో పెట్టండి. టైర్లలో గాలి నిండుగా ఉంచండి. హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేస్తే నెలలు గడిచాక పట్టేస్తుంది. చదునైన చోట చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టి, గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు దించెయ్యండి. బ్యాటరీకి నెగటివ్ వైరు ముందు తీయించండి. కప్పేది గుడ్డ కవరే కావాలి, ప్లాస్టిక్ అయితే లోపల చెమ్మ పడుతుంది. కారులో తినుబండారాలు మిగల్చకండి. ఎలుకలు చేరితే బిస్కెట్లతో ఆగవు, వైర్లు కొరుకుతాయి. వీలుంటే నమ్మకమైన చుట్టానికో, పక్కింటివాళ్లకో తాళం ఇచ్చి పదిహేను రోజులకోసారి నడపమనడం అన్నిటికన్నా మేలు. అలాగయితే హ్యాండ్‌బ్రేకు, వైరు గొడవ లేదు.

కారు లైఫ్ సర్టిఫికెట్లు

మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినట్టే కారుకీ కొన్ని ఉన్నాయి. ఇన్సూరెన్సు ఒక్కరోజు కూడా తప్పకూడదు. పాలసీ గడువు దాటి 90 రోజుల్లోపు కట్టకపోతే, క్లెయిము లేని ఏళ్లకి వచ్చే తగ్గింపు పోతుంది. అది పెరుగుతూ పెరుగుతూ 50 శాతం దాకా వచ్చేది, వదులుకోవద్దు. కాలుష్యం సర్టిఫికెట్ కొత్త కారుకి మొదటి ఏడాది అక్కర లేదు. తర్వాత బి.ఎస్. 4, బి.ఎస్. 6 బండ్లకి ఏడాదికోసారి, అంతకన్నా పాతవాటికి ఆరునెలలకోసారి తీసుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్లు. ఆ తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. మన లైసెన్సు సంగతి కూడా చూసుకోండి. 55 దాటినవాళ్లకి అయిదేళ్లకే ఇస్తారు, రెన్యువల్‌కి డాక్టరు సర్టిఫికెట్ కావాలి. కాగితాలన్నీ డిజిలాకర్‌లో పెట్టుకుంటే చెల్లుతాయి. దారిలో ఆపద వస్తే 112, జాతీయ రహదారి మీదయితే 1033 నంబర్లు గుర్తుంచుకోండి.

లాగ్‌బుక్కు

ఆఖరి మాట. మన శాఖలో ప్రతి జీపుకీ ఒక లాగ్‌బుక్కు ఉండేది. ఎక్కడికి పోయింది, ఎంత తిరిగింది, ఎంత ఆయిలు పోశారు, ఏ తారీఖున ఏం మార్చారు, అన్నీ అందులో ఉండేవి. సర్కారు జీపుకి అంత శ్రద్ధగా రాసినవాళ్లం, సొంత డబ్బుతో కొన్న కారుకి రాయమా? ఒక నలభై పేజీల నోటుపుస్తకం కొని కారులో పెట్టండి. మొదటి పేజీలో టైర్ల తారీఖులు, గాలి అంకెలు, బ్యాటరీ కొన్న రోజు, బ్రేకు ఆయిలు మార్చిన రోజు, ఇన్సూరెన్సు గడువు రాయండి. ప్రతి ఆదివారం పొద్దున కాఫీ తాగాక అయిదు నిమిషాలు: టైర్లు ఒక చూపు, కారు కింద నేల మీద నూనె మరక ఉందా ఒక చూపు, డిప్‌స్టిక్, కూలంట్, దీపాలు. చూసి తారీఖు వేసి సంతకం పెట్టండి. సంతకం పెట్టడం మనకి బాగా అలవాటైన పనే.

ఆ పుస్తకం ఉంటే మెకానిక్కు మనకి అక్కరలేనిది అంటగట్టలేడు, అవసరమైనది మనం మరిచిపోలేం. మన తర్వాత ఆ కారు నడిపే కొడుక్కో, కోడలికో, కూతురికో కూడా అది పనికొస్తుంది. ఇంట్లో మగవాళ్లకే కాదు, ఆడవాళ్లకీ ఆ పుస్తకం, ఆ డిప్‌స్టిక్, స్టెప్నీ ఎక్కడున్నాయో చూపించి ఉంచండి. ఆపద వచ్చేసరికి డ్రైవరు సీట్లో ఎవరుంటారో చెప్పలేం.

 భోజనాలయ్యాక ఎవరైనా తమ కారు టైరు తారీఖు చూపించమంటే బయట చెట్టు కింద ఉంటాను.